యాభై నాలుగో నంబరు జెర్సీ

ఎల్డన్, ఒహాయో
ఆగస్టు 18, 1986

బావా,

ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం బాగున్నాం. అరిజోనా ఎండ నిన్నూ మా అక్కనూ ఇంకా వేపుడు చేసెయ్యలేదనే అనుకుంటున్నాను.

నేరుగా విషయంలోకి వస్తాను. నువ్వు ఊరొదిలి పన్నెండేళ్లయింది, గొప్ప ఆటగాళ్ల ఫోటోలు గోడకెక్కించే మా కౌంటీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పద్ధతులు మరిచిపోయి ఉంటావు. ఓటర్లం తొమ్మిది మందిమి. నవంబరు మొదటి శనివారం ఉక్కు కార్మికుల సంఘం వెనక గదిలో కూర్చుంటాం. పాత ఆటగాళ్లలోంచి ఏడాదికి ఒక్కడినే తీసుకుంటాం, వాడికి ఏడు ఓట్లు రావాలి. ప్రతి పేరు తరఫునా ఒకడు లేచి ఐదు నిమిషాలు మాట్లాడతాడు. మాట్లాడేవాడు ఆ ఆటగాణ్ణి మైదానంలో కళ్లారా చూసి ఉండాలి, చుట్టం కాకూడదు. ఒక పేరు పదిసార్లకు మించి రాకూడదు. పదోసారి కూడా పోతే ఇక ఎప్పటికీ ఎత్తరు.

మన కాస్ బ్రోడాకి ఇది పదోసారి.

తొమ్మిదేళ్లుగా వాడి తరఫున లేచి మాట్లాడుతున్నది నేనే, ఓడుతున్నదీ నేనే. కాస్ ఇప్పుడు మేపుల్ వీధిలోని వృద్ధుల ఇంట్లో ఉన్నాడు. ఒక రోజు నన్ను గుర్తుపడతాడు, ఒక రోజు పోస్టుమాన్ అనుకుంటాడు. పదకొండేళ్లు తలతో గుద్దుకున్న ఫలితమని డాక్టరు అంటున్నాడు. మొన్న చర్చి మెట్ల మీద వాడి భార్య వండా నా చెయ్యి పట్టుకుంది. "వెండెల్, ఆయన పేరు ఆయనకు గుర్తుండగానే ఆ గోడ మీద ఫోటో పెట్టించవయ్యా. తరవాత పెట్టినా అదెవరో అని నన్నే అడుగుతాడు" అంది.

అందుకే నీ సాయం కావాలి. 1949 థాంక్స్‌గివింగ్ రోజు మన మిల్లు జట్టుకు గార్నెట్ జట్టుతో ఆట. ఆఖరి నిమిషం. గెలుపు గీతకు వాళ్లు గజం దూరంలో ఉన్నారు, నాలుగోదీ ఆఖరిదీ అయిన ప్రయత్నం. వానలో, బురదలో మన కాస్, యాభై నాలుగో నంబరు, ఎదురెళ్లి బంతితో దూసుకొస్తున్న వాళ్ల రన్నర్ని గాల్లోకి ఎత్తి వెనక్కి పడేశాడు. మరునాడు 'ఎల్డన్ కొరియర్'లో వాణ్ణి గోడతో పోల్చి నేను రాసిన రిపోర్టు ఇప్పటికీ సగం ఇళ్లలో ఫ్రేము కట్టి ఉంది. నేను పైన ప్రెస్ బాక్సులో ఉన్నాను. నువ్వు కింద సబ్‌స్టిట్యూట్‌ల బెంచీ మీద, పది గజాల దూరంలో ఉన్నావు. నువ్వు చూసింది ఒక పేజీ రాసి పంపు, కమిటీకి చదివి వినిపిస్తాను. నువ్వు కాస్‌కి చుట్టం కాదుగా, అడ్డేమీ లేదు.

అక్కను అడిగానని చెప్పు.

వెండెల్


మేసా, అరిజోనా
ఆగస్టు 29

వెండెల్,

నీ మోకాళ్లకు మా ఇంటి తరఫున సానుభూతి. మీ అక్క ఈ వయసులో ఈత నేర్చుకుంటోంది. నేను ఒడ్డున కూర్చుని సలహాలు ఇస్తున్నాను, ఆవిడ వినడం లేదు.

కాస్ సంగతి విని బాధగా ఉంది. ఆ మాట నిజంగానే అంటున్నాను. కానీ నువ్వు అడిగావు గనక చెబుతున్నాను, ఈ ఏడాది అయినా మన జట్టు రన్నర్ క్లైడ్ పర్సెల్‌కి ఇవ్వండి. బంతిని గీత దాటించి నలభై ఒక్క టచ్‌డౌన్లు చేశాడు. ఏ పుస్తకం తిప్పినా ఉంటాయి, ఎవడూ కాదనలేడు. కాస్ మంచి సెంటరే, బంతి వెనక్కి అందించాడు, ఎదుటివాళ్లను నెట్టాడు. అలాంటివాళ్లు ఆ కౌంటీలో ఎంతమంది లేరు?

ఆ రోజు నాకేమీ కనబడలేదు. వాన. నా ముందు కోచ్ డ్రిస్కల్ నిలబడి ఉన్నాడు. ఆయన వీపు ఎంత వెడల్పో నీకు తెలుసు. కేకలు వినబడ్డాయి, లేచి చూసేసరికి అయిపోయింది. కాబట్టి పేజీ రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వేరే ఎవరినైనా అడుగు.

ఆర్విల్


ఎల్డన్
సెప్టెంబరు 9

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది మా బావే రాశాడా, ఆ పేరు పెట్టుకుని ఇంకెవడైనా రాశాడా అని అనుమానం వచ్చింది.

క్లైడా? నలభై ఒక్క టచ్‌డౌన్లు చేశాడు, నిజమే. వాడు పరుగెత్తిన సందు ఎవడు తెరిచాడు? పరుగెత్తినవాడికి అంకె ఉంది, వాడికి దారి చేసి బురదలో బోర్లా పడ్డవాడికి అంకె లేదు. ఇదే మాట తొమ్మిదేళ్లుగా చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అసలు ఈ మాట నాకు నేర్పింది నువ్వు! మీ పెళ్లిలో రెండు బీర్లు తాగి లైన్లో ఆడేవాళ్ల గొప్పతనం మీద నాకు అరగంట పాఠం చెప్పావు. మా అక్క కేకు కొయ్యడానికి నిన్ను వెతుక్కోవాల్సి వచ్చింది.

కమిటీలో నాకు అడ్డుపడేది గస్ హన్రాటీ. పాత రెఫరీ, గుర్తున్నాడుగా, మనకు అన్యాయంగా తప్పు పట్టి జెండా విసిరినప్పుడల్లా నువ్వు వాళ్లమ్మను తలుచుకునేవాడివి. ప్రతి ఏడూ ఒకే మాట అంటాడు: "బ్రోడాది ఒక్క ఆటోయ్. ఒక్క ఆటకు గోడెక్కిస్తే రేపు హాటుడాగులమ్మేవాణ్ణి కూడా ఎక్కించాలి." వాడితో పాటు మరో ఇద్దరు తల ఊపుతారు. అంతే, మూడు ఓట్లు పోతాయి.

నిన్న కాస్ దగ్గరికి వెళ్లాను. మంచి రోజు. నన్ను చూడగానే "వెండెల్, కూచో, గార్నెట్ ఆట చెబుతా" అన్నాడు. మొత్తం చెప్పాడు. "వాన సూదుల్లా గుచ్చుతోంది. గార్నెట్ వాళ్లు ఎద్దుల మందలా వచ్చారు. గోడ కదిలితే నేను కదులుతాననుకున్నా." ఒక్క మాట తడబడలేదు. భార్య పేరు మధ్యలో రెండుసార్లు తప్పిపోయింది కానీ ఆ ఆట తప్పలేదు. అవన్నీ నా రిపోర్టులో నేను రాసిన మాటలే అని బయటికొచ్చాక తట్టింది. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

మీరిద్దరూ ఒక వీధిలో పెరిగారు, ఒక మిల్లులో పనిచేశారు. మరి వాడికి నీ దగ్గర ఒక మంచి మాట ఎందుకు కరువైంది? మనసులో మాట దాచను. నువ్వు సబ్‌స్టిట్యూట్‌గానే ఉండిపోయావని, వాడు పేరు తెచ్చుకున్నాడని ఏదైనా కడుపుమంటా బావా?

వెండెల్


మేసా
సెప్టెంబరు 20

వెండెల్,

నీ ప్రశ్నకు జవాబు: కాదు.

నన్ను ఇందులోకి లాగకు. నీకు ఓటుంది, నోరుంది, రెండూ వాడుకో.

ఆర్విల్


ఎల్డన్
అక్టోబరు 3

బావా,

కడుపుమంట మాట అన్నందుకు క్షమించు. అక్క ఫోనులో నాకు బాగానే వడ్డించింది. కానీ ఈ ఉత్తరం అందుకోసం కాదు. నాకు మతి పోతోంది, ఎవరికి చెప్పాలో తెలియక నీకే రాస్తున్నాను.

గార్నెట్‌లో ఎవరో ముసలాయన పోతే, ఆయన అటక మీద ఆనాటి ఆట సినిమా రీలు ఒకటి దొరికిందట. సొంత కెమెరాతో తీసుకున్నది, మాటల్లేవు. గస్ దాన్ని సంపాదించాడు. "నీ గోడ ఎంత గట్టిదో చూద్దాం రా" అని వాళ్లింటికి పిలిచాడు. మేమిద్దరమే చూశాం. అంతా బూడిద రంగు, వాన గీతలు. గార్నెట్ వాళ్లు వరస కట్టారు. యాభై నాలుగు దూకాడు. రన్నర్ వెనక్కి పడ్డాడు. అచ్చం నేను రాసినట్టే. నేను గస్ వైపు గెలిచినవాడిలా చూశాను.

అప్పుడు యాభై నాలుగు లేచాడు. ముఖమంతా బురద, కళ్లు కూడా కనబడవు. లేచి నిలబడి, ఒక చెయ్యి పక్కకు అదిమిపెట్టుకుని, రెండో మోచేత్తో ప్యాంటు పైకి తోసుకున్నాడు.

గస్‌కి అందులో ఏమీ కనబడలేదు. నేను మళ్లీ వేయమన్నాను. నాలుగుసార్లు వేయించాను. చేతులు ఖాళీగా ఉన్నా సరే మోచేతులతో ప్యాంటు తోసుకునేవాణ్ణి నా బతుకంతటిలో ఒక్కణ్ణే చూశాను. ఏళ్ల తరబడి, భోజనానికి కూర్చునే ముందు ప్రతిసారీ చూశాను. వద్దని మా అక్క మొత్తుకోవడం కూడా విన్నాను.

అది కాసే. నంబరు కాస్‌దే. ప్రోగ్రాం పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, 54, బ్రోడా. నువ్వు 31, బెంచీ మీద ఉన్నావు. మరి నా కళ్లు నాకేం చూపిస్తున్నాయి? కాస్‌కి వచ్చిన జబ్బు నాకూ మొదలైందా?

ఏదో ఒకటి చెప్పు.

వెండెల్


మేసా
అక్టోబరు 11

వెండెల్,

ముప్పై ఏడేళ్ల కిందటి రీలు, అందులో వాన, అందులో బురద, చూసేది నీ కళ్లద్దాల్లోంచి. ఇక ఏమైనా కనబడుతుంది. ఆ రోజుల్లో మిల్లు వాళ్లు అందరికీ ఒకే కొలత ప్యాంట్లు కుట్టించేవారు. అందరివీ జారేవి, అందరూ తోసుకునేవారు. నీకు జబ్బేమీ లేదు, తీరిక ఎక్కువైంది. చేపలు పట్టడానికి వెళ్లు.

క్లైడ్ గురించి మరోసారి ఆలోచించు.

ఆర్విల్

(ఇది అక్క రాస్తున్నది. తమ్ముడూ, కవరు అంటించమని నాకిచ్చి మీ బావ బయటికి వెళ్లారు. ఆ థాంక్స్‌గివింగ్ సాయంత్రం ఈయన ఇంటికొస్తే నేను దుప్పటి చింపి ఛాతీ చుట్టూ కట్టు కట్టాను. రెండు పక్కటెముకలు విరిగాయి. బెంచీ మీద కూర్చున్న మనిషికి పక్కటెముకలు ఎలా విరుగుతాయని అడిగాను. "అడగకు లోయిస్" అన్నారు. నేను ఇప్పటిదాకా అడగలేదు. నువ్వు అడుగు.)


ఎల్డన్
అక్టోబరు 16

బావా,

పక్కటెముకల సంగతి చెప్పు.

మా అక్క మీద అరవకు. అరిచావని తెలిస్తే మోకాళ్లతో సహా అక్కడ దిగుతాను.

వెండెల్


మేసా
అక్టోబరు 21

వెండెల్,

అరవలేదు. మీ అక్క నాకు ఎదురుగా కూర్చుని ఉంది, ఒక్కొక్క పేజీ అయ్యాక తీసుకుని చదువుతోంది. కాబట్టి ఇది ఇద్దరికీ కలిపి రాస్తున్నట్టు లెక్క.

ఆ రోజు మొదటి సగం చివర్లో కాస్ తలకు ఎవడిదో మోకాలు తగిలింది. లాకర్ గదిలోకి నడిచే వచ్చాడు. కూర్చున్నాక "ఏ ఊళ్లో ఉన్నాం?" అన్నాడు. నవ్వాం. మళ్లీ అదే అడిగాడు. మూడోసారి అడిగితే ఎవరూ నవ్వలేదు.

మిల్లు జట్టులో ఆడేవాళ్లకు పగటి డ్యూటీ, టైమ్ ఆఫీసులో కుర్చీ పని. ఆడలేనివాడు మళ్లీ కొలిమి దగ్గరికి. ఇది నీకు తెలుసు, పేపర్లో ఎప్పుడూ రాయలేదు గాని. మేనేజర్ ఆ రోజు ముందు వరసలో గొడుగు వేసుకుని కూర్చున్నాడు. అంతకు ముందు వారమే ఇద్దర్ని కొలిమికి తోసేశాడు. వండాకి అప్పుడు ఎనిమిదో నెల. కాస్ ఆ తలతో కరిగిన ఇనుము పక్కన నిలబడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

డ్రిస్కల్ నా వంక చూశాడు. మా ఇద్దరిదీ ఒకే ఎత్తు. హెల్మెట్లకు ముందు కడ్డీలు ఉండేవి కావు గాని బురద ఉంది, అది చాలు. వాడి జెర్సీ నేను వేసుకున్నాను, నాది వాడికి తొడిగాం. దుప్పటి కప్పి బెంచీ చివర కూర్చోబెట్టాం. ముప్పై ఒకటో నంబరు ఆడుతున్నాడా లేదా అని చూసేవాడు ఈ లోకంలో ఎవడూ లేడు, మీ అక్క కూడా ఆ రోజు జలుబుతో ఇంట్లోనే ఉండిపోయింది.

తరవాత జరిగింది నువ్వే రాశావు. అంకె చూశావు, ప్రోగ్రాంలో పేరు చూశావు, రాశావు. నీ తప్పేమీ లేదు, అందరూ అలాగే రాస్తారు. పేపరు వచ్చాక ఇక నోరు విప్పితే కాస్ ఉద్యోగం పోతుంది. ఆడినవాళ్లందరం ఒట్టు పెట్టుకున్నాం, ఇంకా తేరుకోని కాస్ కూడా తలూపాడు. క్లైడ్‌తో సహా వాళ్లంతా పోయారు, ఇప్పుడు కాస్, నేనే మిగిలాం.

ఇక్కడితో అయిపోతే నాకు బాధ లేదు. వాణ్ణి కాపాడాను, సంతోషం. కానీ వాడు నా దగ్గర ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి, మేమిద్దరమే ఉన్నప్పుడు, "ఆర్వ్, నువ్వు లేకపోతే ఏమయ్యేవాణ్ణో" అనలేదు. 1958లో మా ఇంట్లో, నా బల్ల దగ్గర కూర్చుని, గార్నెట్ ఆట మొదటి నుంచి చివరిదాకా నాకే చెప్పాడు. నేను వాడికి బంగాళాదుంపల గిన్నె అందించాను. వాడి కళ్లలోకి చూశాను. ఏమీ దొరకలేదు. సిగ్గూ లేదు, కన్ను గీటడమూ లేదు. వీడు తెలిసే దొంగిలించాడా, నిజంగానే మరిచిపోయాడా? అప్పటినుంచీ అదే ఆలోచిస్తున్నాను. దొంగిలించాడనుకుంటే వాడి ముఖం చూడబుద్ధి కాదు. మరిచిపోయాడనుకుంటే నా కోపానికి నాకే సిగ్గేస్తుంది. ఒక వారం ఇలా, ఒక వారం అలా. చివరికి వాడుండే ఊళ్లో ఉండలేక ఇక్కడికి వచ్చి పడ్డాను. ఎండ కోసం వచ్చామని మీ అక్కకు చెప్పాను.

క్లైడ్‌కి ఇవ్వమన్నది అందుకే. కాస్ పెద్ద ఆటగాడని నాకు తెలుసు. ఆ ఒక్క ఆటకు వాణ్ణి గోడ మీదికి ఎక్కిస్తే నేను భరించలేను.

ఇప్పుడు వాడు నిజంగానే అన్నీ మరిచిపోతున్నాడు. ఇక అడిగినా జవాబు దొరకదు.

ఆర్విల్


ఎల్డన్
అక్టోబరు 25

బావా,

నా పాత రిపోర్టు తీసి చదివాను. "బ్రోడా పళ్లు బిగించాడు" అని రాశాను. ప్రెస్ బాక్సు నుంచి అంత దూరంలో, ఆ వానలో, పళ్లెలా చూశాను? అయినా ఇప్పుడు కళ్లు మూసుకుంటే కాస్ ముఖమే కనబడుతోంది, పళ్లు బిగించి. నువ్వు చెప్పిందీ నిజమే, రీలు చూపించిందీ నిజమే, నా కళ్లలో ఉన్నదీ పోవడం లేదు. ఏమిటిది?

వచ్చే శనివారం ఓటింగ్. నా దారులన్నీ మూసుకుపోయాయి. ఆ ఆట చెప్పి కాస్‌ని అడిగితే తెలిసి అబద్ధమాడినవాణ్ణి. అప్పుడు తెలియక రాశాను, ఇప్పుడా సాకు లేదు. నిజం చెబితే తొమ్మిదేళ్లుగా నేను మోస్తున్నది కూలిపోతుంది, వండా ముఖం చూడలేను. నీ పేరు చెబితే నువ్వు చుట్టానివి, బావ కోసం కథ అల్లాడంటారు. నోరు మూసుకుంటే కాస్ పేరు ఎప్పటికీ పోయినట్టే.

ఆ ఆట నీది. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు.

వెండెల్


మేసా
అక్టోబరు 28
(ఎక్స్‌ప్రెస్ డెలివరీ)

వెండెల్,

నా పేరు ఎత్తకు. అబద్ధం ఆడకు. కాస్‌ని ఓడించకు.

ఈ మూడూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. మన ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వు.

ఆర్విల్


ఎల్డన్
నవంబరు 2

బావా,

నిన్న ఓటింగ్ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు క్లైడ్ పేరు వచ్చింది. నలభై ఒక్క టచ్‌డౌన్లూ ఒక్కొక్కటే చదివారు. కాఫీ చల్లారిపోయింది. తరవాత నా వంతు. కాగితం తీసుకెళ్లాను గాని తీయలేదు. కాస్ పదకొండేళ్లలో ఆడిన నూట ఆరు ఆటల గురించి చెప్పాను. ఒక్క ఆట కూడా మానలేదు. క్లైడ్ చేసిన నలభై ఒకటిలో ముప్పై రెండు కాస్ పక్కనుంచి తెరుచుకున్న సందులోంచే వెళ్లాయి, ఆ సంగతి నా పాత నోటుబుక్కుల్లో ఉంది, నేనే ఎప్పుడూ చూసుకోలేదు. బంతి అందించి, లేచి, నెట్టి, పడి, మళ్లీ లేచేవాడని చెప్పాను. గార్నెట్ మాట ఎత్తలేదు. నాలుగు నిమిషాల్లో కూర్చున్నాను.

గస్ ముందుకు వంగాడు.

"అదేంటోయ్, గోడ ఏమైంది? తొమ్మిదేళ్లు ఆ గోడతో మా బుర్రలు వాయగొట్టావు గదా."

"దాని గురించి నేను మాట్లాడను గస్."

"ఎందుకు?"

"నేను చూసింది యాభై నాలుగన్న అంకె. మనిషిని చూడలేదు. పేపర్లో మాత్రం చూసినట్టే రాశాను. ఆ ఆటను ఎవరి పేరుతోనూ కలపకండి. అది లేకుండా కాస్ నిలబడతాడా లేదా, అంతే చూడండి."

నా నలభై ఏళ్ల ఉద్యోగం ఆ మాటతో పోయిందనుకున్నాను. గస్ ఇంకేదైనా అడుగుతాడని భయపడ్డాను. అడగలేదు. "మొదటేడే ఈ ముక్క చెప్పి ఏడవచ్చుగదయ్యా" అన్నాడు. "వాళ్ల లైన్ ముందు నేను పదేళ్లు విజిల్ పట్టుకుని నిలబడ్డా. బ్రోడా ఎలా ఆడతాడో నాకు తెలీదనా? నువ్వు ప్రతిసారీ ఆ సినిమా కథ చెప్పేసరికి ఒళ్లు మండి కాదన్నా."

చీటీలు వేశాం. క్లైడ్‌కి రెండు. కాస్‌కి ఏడు.

గెలిచాం బావా. అయినా సంతోషమో ఏమిటో తెలియడం లేదు. తొమ్మిదేళ్లు వాణ్ణి ఓడించింది నేనే అయ్యాను.

22వ తేదీ మధ్యాహ్నం సంఘం హాల్లో భోజనాలు, గెలిచినవాడికి గౌరవంగా మెరూన్ కోటు తొడగడం. నువ్వు రా. టికెట్టు నేను పంపుతాను.

వెండెల్


మేసా
నవంబరు 9

వెండెల్,

మూడూ కుదిర్చావు. నీకు ఇంత బుర్ర ఉందని మీ అక్క ఎప్పుడూ అంటుంది, నేనే నమ్మలేదు.

నేను రాను. వాడు లేచి గార్నెట్ ఆట చెబుతాడు, జనం చప్పట్లు కొడతారు, నేనూ కొట్టాలి. అది నా వల్ల కాదు. వండాకి నా శుభాకాంక్షలు చెప్పు.

ఆర్విల్


ఎల్డన్
నవంబరు 23

బావా,

ఇది చదివే ముందు కూర్చో. అక్కను కూడా పిలుచుకో.

నిన్న హాలు నిండింది. టర్కీ మాంసం, గ్రేవీ, వండా చేతి క్యాబేజీ చుట్టలు. కాస్‌ని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఉదయం నుంచీ మంచి రోజు కాదని వండా నా చెవిలో చెప్పింది. కోటు తొడిగితే గుండీలన్నీ పెట్టి మళ్లీ అన్నీ తీశాడు. రెండు మాటలు మాట్లాడమని మైకు ముందు పెట్టారు. వద్దందామనుకునేలోపే గార్నెట్ ఆట మొదలుపెట్టాడు.

నేను తల దించుకున్నాను. సూదుల్లాంటి వాన వస్తుంది, ఎద్దుల మంద వస్తుంది, నా మాటలన్నీ మళ్లీ వినాలి అనుకున్నాను. అవేవీ రాలేదు బావా. పేపరు మాటలన్నీ వాడి తలలోంచి జారిపోయినట్టున్నాయి. వాడు చెప్పింది చెప్పినట్టు ఇంటికి రాగానే రాసిపెట్టుకున్నాను, ఈసారి ఒక్క మాట నాది కలపలేదు:

"చలేస్తోంది. దుప్పటి కప్పారు. దుప్పటి తడిసిపోయింది. బెంచీ చివర కూచున్నా. తల నొప్పి. అటు చూస్తే మనవాడొకడు ఎగిరి దూకాడు, గార్నెట్‌వాడు ఎనక్కి పడ్డాడు. అబ్బా, ఏం దూకాడు! లేచి నిలబడి అరిచా. 'ఎవడ్రా వాడు? యాభై నాలుగు ఎవడ్రా?' అన్నా. కోచ్ నన్ను కిందికి గుంజాడు. నా చెవిలో 'నువ్వేరా. అది నువ్వే. నోరు మూసుకుని కూచో' అన్నాడు. నేనేనా అనుకున్నా. నేనిక్కడున్నా గదా అనుకున్నా. కోచ్ అబద్ధం ఎందుకు చెబుతాడు? మర్నాడు పేపర్లో కూడా అదే ఉంది."

జనం నవ్వారు. పాపం, మతి తప్పింది అనుకున్నారు. జాలిగా చప్పట్లు కొట్టారు. గస్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టలేకపోయాను. వండా నా వైపు చూసింది. ఆవిడకు ఎంత అర్థమైందో నాకు తెలియదు.

వాడు దొంగిలించలేదు బావా. తల పగిలి, ఏ ఊళ్లో ఉన్నాడో తెలియని మనిషి, నువ్వు దూకడం చూసి లేచి కేకేశాడు. ఎవరని అడిగాడు. 'నువ్వే' అని వాడికే చెప్పారు. డ్రిస్కల్ ఒకసారి చెప్పాడు, నేను పేపర్లో రెండోసారి చెప్పాను, ఊరంతా ముప్పై ఏడేళ్లు చెప్పింది. పాపం, నమ్మాడు. మేమిద్దరం అబద్ధం చెప్పాం, వాడు చెప్పలేదు.

అందరూ వెళ్లాక కుర్చీ తోసుకుంటూ కారు దాకా తీసుకెళ్లాను. నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "ఇంతకీ వాడెవడో కనుక్కున్నావా వెండెల్?"

మీ ఒట్టు ఉంది కదా, నీ పేరు ఎత్తొద్దన్నావు. ఏమీ చెప్పలేదు.

వెండెల్


మేసా
నవంబరు 29

వెండెల్,

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. కాస్ మాటల దగ్గరికి వచ్చాక ఆవిడా చదవలేకపోయింది. మిగతాది నేను చదువుకున్నాను.

ఇన్నేళ్లూ వాడి మీద పెంచుకున్న కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టాలి? డ్రిస్కల్ పోయాడు. నీ మీద పెడదామంటే మీ అక్క ఊరుకోదు. బురదలోంచి లేచినప్పుడు చెవులు గింగురుమంటున్నాయి, బెంచీ వైపు నుంచి ఎవడో ఒకడు మాత్రం గొంతు చించుకుని అరవడం వినబడింది. అది ఎవరని నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఒట్టు సంగతి వదిలెయ్. పెట్టుకున్నవాళ్లలో మిగిలింది మేమిద్దరమే, మేం చూసుకుంటాం.

డిసెంబరు 9, మంగళవారం మధ్యాహ్నం క్లీవ్‌లాండ్‌లో దిగుతున్నాం. కారు తీసుకురా. మేపుల్ వీధికే పోనివ్వు, మీ ఇంటికి తరవాత వెళ్దాం. వాడు మళ్లీ అడుగుతాడు, అప్పుడు నేను పక్కన ఉండాలి.

ఆర్విల్